బెంగళూరు మారతహళ్లి మేడ మీద 1420.01 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించిన గీత: వాళ్లేనా?

మీరు రాసింది ఇదీ. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పాత 60 సెంటీమీటర్ల డీటీహెచ్ డిష్, దానికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో రిసీవర్ (1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, కచ్చితత్వమున్న టీసీఎక్స్‌ఓ క్రిస్టల్ ఉన్నది), లాప్‌టాప్. రాత్రి 9:10కి 1420 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి గీత మొదలైంది, పావుగంట సేపు వంగుతూ వచ్చి 1420.01 దగ్గర నిలబడింది, 9:50కి ఠక్కున మాయమైంది. తొమ్మిదో తరగతి చదివే మీ పాప "వాళ్లేనా నాన్నా?" అంటోంది. మీరేమో దాంతోపాటు పెద్ద ప్రశ్న కూడా వేశారు: విశ్వంలో ఇంకెక్కడైనా తెలివైన జీవులు ఉన్నారా, లేరా?

గీత సంగతి ముందు తేలుద్దాం. అది వాళ్లు కాదు. మీ ఇంట్లోదో, పక్కింట్లోదో ఏదో పెట్టె. ఇది పాపను నిరుత్సాహపరచడానికి అంటున్న మాట కాదు. మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే రుజువు ఉంది, దాన్ని పాపే చదవగలదు.

మొదటిది, ఆ ఒంపు. మీ వాటర్‌ఫాల్‌లో, అంటే ఫ్రీక్వెన్సీ అడ్డంగా, సమయం నిలువుగా చూపే తెరమీద, 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పును 1024 గడులుగా కోస్తున్నారు. అంటే ఒక్కో గడి 2.3 కిలోహెర్ట్జ్. మీ డాంగిల్ క్రిస్టల్ 1 పీపీఎం జారినా 1.4 కిలోహెర్ట్జే, ఒక గడి కూడా నిండదు. కాబట్టి కంటికి కనిపించేంత ఒంపు మీ డాంగిల్‌ది కాదు, గీతను పుట్టించిన వస్తువుదే. చవక క్రిస్టల్ ఉన్న పరికరం స్విచ్ వేయగానే వేడెక్కుతూ 10 పీపీఎం దాకా జారడం మామూలే. 1420 దగ్గర అది 14 కిలోహెర్ట్జ్, అంటే ఆరు గడులు. పావుగంటకు లోపలి వేడి కుదురుకుంటుంది, గీత నిటారవుతుంది. 9:10కి ఎవరో ఏదో ఆన్ చేశారు, 9:50కి ఆపేశారు.

రెండోది, ఆ అంకె. 1420 అంటే పరికరాల లోపలి 10 మెగాహెర్ట్జ్ గడియారానికి 142వ హార్మోనిక్ (దానికి 142 రెట్ల దగ్గర పలికే గీత), 20 మెగాహెర్ట్జ్ దానికి 71వది. మీరు చూసింది 1420కి 10 కిలోహెర్ట్జ్ పక్కన, అంటే 7 పీపీఎం తేడా. చవక క్రిస్టల్ నాణ్యత అచ్చంగా అంతే ఉంటుంది. మెగాహెర్ట్జ్ అనేది మనిషి పెట్టుకున్న కొలత, సెకను కూడా మనిషిదే. రౌండ్ నంబరుకు అంటిపెట్టుకుని కనిపించే గీతను ముందు మనిషి ఖాతాలోనే రాయాలి. 2019 ఏప్రిల్, మే నెలల్లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్ ప్రాక్సిమా సెంటారీ నక్షత్రం వైపు తిరిగి ఉన్నప్పుడు 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర దొరికిన బీఎల్‌సీ1 అనే సంకేతం కూడా ఇలాంటిదే. 982కి 2 పీపీఎం పక్కన. 2021లో రికార్డులన్నీ తిరగేస్తే అదే పోలికతో, మామూలు గడియారపు ఫ్రీక్వెన్సీల ఎడంతో ఇంకా బోలెడు గీతలు బయటపడ్డాయి. డిష్ ఎటు తిరిగినా కొన్ని కనిపిస్తూనే ఉన్నాయి. స్థానిక చప్పుడని తేల్చారు.

మూడోది, ఠక్కున మొదలై ఠక్కున ఆగడం. 60 సెంటీమీటర్ల డిష్‌కు 21 సెంటీమీటర్ల తరంగం దగ్గర చూపు వెడల్పు దాదాపు 25 డిగ్రీలు. డిష్ కదలకుండా ఉంటే ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. నక్షత్రాల మధ్య నుంచి వచ్చేదేదైనా మీ డిష్‌లో గంటన్నరకు పైగా గుట్టలాగా మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. 1977 ఆగస్టు 15న ఒహాయోలో బిగ్ ఇయర్ టెలిస్కోప్‌కు దొరికిన 'వావ్' సంకేతాన్ని ఇవాళ్టికీ తలుచుకోవడానికి కారణం ఇదే. ఆ టెలిస్కోప్ చూపులోంచి ఒక ఆకాశ బిందువు దాటడానికి 72 సెకన్లు పడుతుంది. సంకేతం కూడా సరిగ్గా ఆ గుట్ట ఆకారంలోనే 72 సెకన్లు ఎక్కి దిగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెతికినా మళ్లీ దొరకలేదు కాబట్టి దాని మీద ఎవరూ తీర్పు ఇవ్వలేకపోయారు.

ఇంకో మాట. గీత చివర నిటారుగా ఉండటాన్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ భూమి తిరగడం వల్ల 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశ సంకేతం అత్యధికంగా సెకనుకు 0.16 హెర్ట్జ్ చొప్పున జారుతుంది. నలభై నిమిషాలకు దాదాపు 370 హెర్ట్జ్. మీ గడి 2,300 హెర్ట్జ్. ఆ జారుడు మీ తెరమీద కనిపించే అవకాశమే లేదు. ఎఫ్‌ఎఫ్‌టీ (వెడల్పును గడులుగా కోసే లెక్క) సైజును 1024 నుంచి 10,48,576కి పెంచితే గడి 2.3 హెర్ట్జ్‌కు దిగుతుంది. అప్పుడు ఏటవాలు కనిపిస్తుంది. కానీ అప్పుడు మీ సొంత క్రిస్టల్ జారుడు కూడా కనిపిస్తుంది. అందుకే డాంగిల్‌ను అరగంట ముందే ఆన్ చేసి, గాలి తగలని డబ్బాలో పెట్టి వాడాలి.

అసలు సన్నటి గీతల కోసమే ఎందుకు వెతుకుతారంటే, ప్రకృతికి అంత సన్నగా పలకడం రాదు. హైడ్రోజన్ మేఘం 1420.406 దగ్గర పలుకుతుంది, కానీ దాని పరమాణువులన్నీ తలోవైపు కదులుతుంటాయి. సెకనుకు ఒక కిలోమీటరు కదలికకు 4.7 కిలోహెర్ట్జ్ జరుగుతుంది, కాబట్టి పాలపుంత గీత వందల కిలోహెర్ట్జ్ వెడల్పున పరుచుకుంటుంది. అన్నిటికంటే సన్నటి సహజ మేసర్లు (రేడియో తరంగాలను లేజర్‌లాగా పెంచి పంపే అంతరిక్ష మేఘాలు) కూడా కొన్ని వందల హెర్ట్జ్ ఉంటాయి. ఒకటి రెండు హెర్ట్జ్ వెడల్పులో నిలబడ్డదంటే వెనక యంత్రం ఉన్నట్టే. చిక్కల్లా ఆ యంత్రాల్లో మనకు తెలిసినవన్నీ భూమి మీద, దాని చుట్టూ ఉన్నవే కావడం.

పాపకు మొదటి మెట్టు గ్రహాంతరవాసులు కాదు, హైడ్రోజన్. మీ సెటప్ ఆకాశాన్ని వింటోందా లేదా అన్నది అది కనిపిస్తేనే తెలుస్తుంది. డీటీహెచ్ డిష్‌ను పక్కన పెట్టేయండి. 21 సెంటీమీటర్ల తరంగానికి అది మూడు తరంగాల వెడల్పు కూడా లేదు, ఫీడ్ (డిష్ ముందు తరంగాన్ని అందుకునే భాగం) చుట్టూ నేల వేడి లోపలికి కారిపోతుంది. దాని బదులు అల్యూమినియం షీటుతో కొమ్ము, అదే హార్న్, చేయండి. నోరు 75 × 60 సెంటీమీటర్లు, పొడవు 70 దాకా. వెనక పెట్టె లోపలి కొలత 16.5 × 10.5, పొడవు 25, వెనక వైపు మూసి ఉండాలి. వెడల్పు గోడ మధ్య గీత మీద, వెనక గోడ నుంచి 6.9 సెంటీమీటర్ల దూరంలో ఎన్ కనెక్టర్ బిగించి, లోపలికి 5.2 సెంటీమీటర్ల రాగి తీగ నిలబెట్టాలి. ఇంట్లో ఉన్న 15 కిలోల నూనె డబ్బానే పెట్టెగా వాడేద్దామని చాలామందికి అనిపిస్తుంది. దాని పక్క 23 సెంటీమీటర్లు దాటుతుంది, తరంగం కంటే వెడల్పు. అందులో తరంగం రెండో తీరులో (మోడ్‌లో) కూడా పారి చూపు చెదురుతుంది. అతుకులకు మామూలు సెల్లోటేపు కాదు, అల్యూమినియం టేపు వేయండి. జిగురు కరెంటును పారనివ్వదు కాబట్టి అంచుల్ని మడిచి లోహం లోహానికి తగిలేలా స్క్రూలు బిగించాలి. కనెక్టర్లు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి.

డబ్బు పెట్టాల్సింది ఒక్కచోటే: ఫిల్టర్ కలిసిన 1420 మెగాహెర్ట్జ్ ఎల్‌ఎన్‌ఏ, అంటే తక్కువ చప్పుడుతో సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్. అది కనెక్టర్‌కు ఆనించి ఉండాలి. పది మీటర్ల కేబుల్ దించి కింద గదిలో పెడితే దండగ. ఎల్‌ఎన్‌ఏకి ముందు పోయిన ఒక్కో డెసిబెల్ దాదాపు 75 కెల్విన్ల చప్పుడు (రేడియోలో చప్పుడును వేడి కొలతలోనే చెబుతారు) తెచ్చిపెడుతుంది, పది మీటర్ల ఆర్‌జీ-6 కేబుల్‌లోనే రెండు డెసిబెల్‌లు పోతాయి. ఫిల్టర్ ఎందుకంటే మారతహళ్లిలో ఏ మేడ మీద నిలబడ్డా నాలుగు మొబైల్ టవర్లు కనిపిస్తాయి. డాంగిల్‌ది 8 బిట్ల చెవి. 900, 1800 మెగాహెర్ట్జ్ టవర్లు అరుస్తుంటే గుసగుసకు చోటే మిగలదు. ఇవేవీ 1420లోకి రాకూడదు, 1400 నుంచి 1427 దాకా ప్రపంచమంతా రేడియో ఖగోళానికి వదిలేసిన పట్టీ. కానీ డాంగిల్ ఉక్కిరిబిక్కిరైతే లోపల తనే లేని గీతల్ని పుట్టిస్తుంది.

కొమ్ము తయారయ్యాక దాన్ని నేలవైపు తిప్పి ఒకసారి, ఖాళీ ఆకాశంవైపు తిప్పి ఒకసారి మొత్తం పవర్ చూడండి. నేల దాదాపు 300 కెల్విన్ల వేడి కాబట్టి పెరగాలి. నాలుగైదు డెసిబెల్‌లు పెరిగితే మీ సెటప్ సొంత చప్పుడు 150 కెల్విన్ల దగ్గర ఉంది, భేష్. ఒక్క డెసిబెలే పెరిగితే 1000 కెల్విన్లు దాటింది, కనెక్టరో ఎల్‌ఎన్‌ఏ కరెంటో చూసుకోవాలి. తర్వాత పాలపుంత పట్టీవైపు తిప్పి 5 కిలోహెర్ట్జ్ గడులతో ఒక నిమిషం సగటు తీయండి. అప్పుడు చప్పుడు ఊగిసలాట 0.3 కెల్విన్లకు దిగుతుంది. హైడ్రోజన్ గుట్ట పదుల కెల్విన్లు ఉంటుంది, కనిపించక తప్పదు. పట్టీకి దూరంగా తిప్పితే గుట్ట తగ్గాలి. తగ్గకపోతే అది హైడ్రోజన్ కాదు, ఫిల్టర్ ఒంపు. ఖాళీ ఆకాశపు కొలతతో భాగించి చూడండి.

ఇక పెద్ద ప్రశ్న. 'ఉన్నారా?' అని అడిగితే లెక్క మొదలే కాదు. 'ఇంత శక్తితో, ఇంత దూరం నుంచి ఎవరైనా పలికితే మనకు వినపడి ఉండేదా?' అని అడగాలి. దానికి లెక్క ఉంది. మనం చేసిన గట్టి కేక ప్యూర్టోరికోలోని అరెసిబో రాడార్‌ది. పది లక్షల వాట్ల ట్రాన్స్‌మిటర్, 305 మీటర్ల డిష్ చూపుతో కలిపితే ఒక దిక్కులో 20 లక్షల కోట్ల వాట్లకు సమానం. 2020లో కూలిపోయింది పాపం. అలాంటి రాడార్ 10 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి మనవైపే గురిపెట్టి ఉందనుకోండి. మీ కొమ్ముకు అది ఒక హెర్ట్జ్ గడిలో చప్పుడు కంటే దాదాపు 50 రెట్లు చిన్నది. ఎడతెగకుండా 72 గంటలు, జారుడును తు.చ. తప్పకుండా సరిచేస్తూ కలిపితే నమ్మదగ్గ సంకేతం అవుతుంది. అదే రాడార్‌ను అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ 100 మీటర్ల డిష్ ఒక్క సెకనులో వింటుంది, అదీ చప్పుడుకు మూడు వేల రెట్లకు పైన. కాబట్టి దగ్గరి నక్షత్రాల్లో, మనం విన్న ఫ్రీక్వెన్సీల్లో, మనం విన్న గంటల్లో, అలా మనవైపు గురిపెట్టి పలికినవాళ్లు లేరని గట్టిగా చెప్పొచ్చు. గ్రహాంతర సంకేతాల కోసం వెతికే బ్రేక్‌త్రూ లిసన్ బృందం 2020లో 1,327 దగ్గరి నక్షత్రాల ఫలితాలు ఇచ్చింది. 1.1 నుంచి 3.45 గిగాహెర్ట్జ్ దాకా వెతికితే ఒక్కటీ నిలబడలేదు.

కానీ గురిపెట్టని మాటల సంగతి వేరు. మన టీవీ ప్రసారాలు విశ్వమంతా వినిపిస్తున్నాయన్న మాట పేపర్లలో తరచూ కనిపిస్తుంది, అది అతిశయోక్తి. పది లక్షల వాట్ల టీవీ టవర్ క్యారియర్‌ను మీ కొమ్ము అదే 72 గంటల కష్టంతో వినగలిగేది భూమి-సూర్యుల దూరానికి 140 రెట్ల దాకా. వాయేజర్-1 ఇప్పటికే అంతకంటే దూరం వెళ్లిపోయింది. ఎవరైనా మనలాగే తమ ఇంట్లో తాము మాట్లాడుకుంటూ ఉంటే, పక్క నక్షత్రంలో ఉన్నా మనకు తెలియదు. చంద్రయాన్‌తో మాట్లాడటానికే మనం బెంగళూరు శివార్లలో బ్యాలాళు దగ్గర 32 మీటర్ల డిష్ కట్టుకున్నాం. చంద్రుడు సగటున నాలుగు లక్షల కిలోమీటర్ల లోపే ఉన్నాడు. ఎక్కడో ఏ దిక్కున ఉందో తెలియని మాట కోసం వెతకడం ఎంత కష్టమో దీన్ని బట్టి ఊహించుకోండి.

ఇప్పటిదాకా ఎంత వెతికామో కూడా లెక్క కట్టారు. శక్తి, దిక్కు, ఫ్రీక్వెన్సీ, సమయం వగైరాలన్నీ కలిపి వెతకాల్సిన మొత్తాన్ని భూమ్మీది సముద్రాలనుకుంటే మనం చూసింది ఎంత? ఈ వెతుకులాటలో పేరున్న ఖగోళ శాస్త్రవేత్త జిల్ టార్టర్ ఒక గ్లాసుడు అనేవారు. 2018లో జేసన్ రైట్, శుభం కనోడియా, ఎమిలీ లుబర్ లెక్క తిరగేసి ఏడెనిమిది వేల లీటర్లని తేల్చారు. ఎండాకాలంలో మీ అపార్ట్‌మెంట్ సంపుకు వచ్చే ఒక ట్యాంకర్ అన్నమాట. ఆ ట్యాంకర్‌లో చేప లేదని సముద్రంలో చేపలు లేవంటామా? అలాగని ఉన్నాయనడానికీ ఆ ట్యాంకర్ సాక్ష్యం కాదు.

ఇంకో లెక్క పాప చేత కాగితం మీద చేయించండి. పాలపుంతలో ఈ క్షణాన పదివేల నాగరికతలు ఉన్నాయనుకుందాం, చాలా ఉదారమైన అంకె. పాలపుంత పళ్లెం వ్యాసార్థం దాదాపు 50,000 కాంతి సంవత్సరాలు. వైశాల్యాన్ని పదివేలతో భాగించి వర్గమూలం తీస్తే పక్కింటివాళ్లు సుమారు 900 కాంతి సంవత్సరాల దూరంలో తేలతారు. పైన చెప్పిన అరెసిబో కేక అక్కడి నుంచి వస్తే 10 కాంతి సంవత్సరాల లెక్క కంటే ఎనిమిది వేల రెట్లు చిన్నది. పలకరించి జవాబు తెచ్చుకోవడానికి 1,800 ఏళ్లు. మనకు రేడియో చేతికి వచ్చి నూట ముప్పై ఏళ్లయింది, భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. వాళ్ల రేడియో కాలం, మన రేడియో కాలం ఒకదాని మీద ఒకటి పడటమే అసలు అడ్డంకి. ఇలాంటి నాగరికతలు ఎన్నో లెక్కకట్టడానికి ఫ్రాంక్ డ్రేక్ 1961లో రాసిన సమీకరణంలో చివరి పదం, ఒక నాగరికత ఎన్నాళ్లు పలుకుతుందన్నది, మిగతా అన్నిటినీ మింగేస్తుంది. గ్రహాల పదాలకు ఇప్పుడు అంకెలున్నాయి: 1995లో 51 పెగాసీ చుట్టూ, సూర్యుడిలాంటి నక్షత్రం దగ్గర మొదటి గ్రహం దొరికాక ఇవాళ్టికి 6,000 దాటాయి. ఆ చివరి పదానికి మాత్రం మన దగ్గర ఒక్క ఉదాహరణే ఉంది, అది కూడా ఇంకా పూర్తి కాలేదు.

ఇవన్నీ చూశాక నా అంచనా అడిగితే: సూక్ష్మజీవులు చాలాచోట్ల ఉండవచ్చు. రేడియో కట్టగలిగేవాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు. మనం వినగలిగే దూరంలో, మనం వింటున్న కాలంలో ఉండటం మాత్రం చాలా అరుదు. ఇది అభిప్రాయమే, కొలత కాదు. 2025 ఏప్రిల్‌లో వార్తలకెక్కిన కె2-18బి గ్రహాన్ని దీనితో కలపకండి. ఖగోళ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం 124 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గ్రహం గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ (భూమ్మీద ప్రధానంగా జీవులే పుట్టించే వాయువు) జాడ ఉందన్నది మూడు సిగ్మాల స్థాయిలో, అంటే కనుగొన్నామని ఖాయంగా చెప్పడానికి చాలనంత. అదే డేటాను వేరే బృందాలు విశ్లేషించి ఒప్పుకోలేదు. నిజమైనా అది జీవం సంగతి, బుద్ధి సంగతి కాదు. ఎగిరే పళ్లేల వీడియోల గురించి అడగనందుకు మాత్రం సంతోషం.

మళ్లీ ఆ గీత కనిపిస్తే ఏం చేయాలో చెబుతాను, ఈ పనిలో తొంభై పాళ్లు అదే. ముందు కొమ్మును పక్కకు తిప్పండి. పెద్ద టెలిస్కోపులు చేసేదీ ఇదే: ఐదు నిమిషాలు నక్షత్రం మీద, ఐదు నిమిషాలు పక్కన, ఇలా మూడుసార్లు, మొత్తం అరగంట. గురిపెట్టిన మూడుసార్లూ ఉండి, తిప్పిన మూడుసార్లూ పోయేదే ముందుకు వెళుతుంది. మీ కొమ్ము చూపు వెడల్పు 18 డిగ్రీలు కాబట్టి కనీసం 40 డిగ్రీలు తిప్పాలి. తర్వాత లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఎంసీబీ దించండి. వైఫై రౌటరు, సీసీ కెమెరాల పెట్టె, ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, టీవీ సెట్‌టాప్ బాక్స్ అన్నీ ఒకేసారి పోతాయి. గీత కూడా పోతే ఒక్కో స్విచ్ ఎత్తుతూ దొంగను పట్టుకోండి. అప్పటికీ పోకపోతే పక్క ఫ్లాట్లు, లిఫ్ట్ గది, మేడ మీది సోలార్ ఇన్వర్టరు. లేఅవుట్ మొత్తం కరెంటు పోయిన మొదటి అర నిమిషం, జనరేటర్లు అందుకునే లోపు, బంగారం. నవ్వుకోకండి. పార్క్స్ టెలిస్కోప్‌ను ఏళ్ల తరబడి తికమక పెట్టిన పెరిటాన్ సంకేతాలు 2015లో తేలేసరికి, ఆగకముందే తలుపు లాగిన మైక్రోవేవ్ ఓవెన్లవి.

ఇంతకీ తేలకపోతే రెండో రోజు గడియారం చూడండి. నక్షత్రాల నుంచి వచ్చేదైతే కదలని కొమ్ములో రోజూ 3 నిమిషాల 56 సెకన్లు ముందుగా వస్తుంది, పది రోజులకు దాదాపు 40 నిమిషాలు. రోజూ సరిగ్గా 9:10కే వస్తుంటే అది ఎవరింట్లోనో సీరియల్ టైమ్. ఊరి చప్పుడు లేని చోట వినాలనిపిస్తే నంది కొండ ఎక్కకండి, అక్కడ టవర్లన్నీ నేరుగా కొమ్ములోకి చూస్తాయి. గౌరిబిదనూరు దారిలో లోతట్టు పల్లె చూసుకోండి. భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ 1970లలో 34.5 మెగాహెర్ట్జ్ డైపోల్ వరుసలు ఆ ప్రాంతంలోనే పరిచాయి. హిందూపురం పక్కనే కాబట్టి దారి అడగడానికి కన్నడం రాకపోయినా గడిచిపోతుంది.

రికార్డింగ్ మాత్రం మరవొద్దు. తెర ఫోటో ఎవరికీ పనికిరాదు, ముడి ఐక్యూ ఫైలే (డాంగిల్ విన్నదంతా మార్చకుండా రాసిన ఫైలు) కావాలి. 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పున రాస్తే గంటకు 17 జీబీ, 32 జీబీ పెన్‌డ్రైవ్ రెండు గంటలు కూడా రాదు. శాంపిల్ రేటు 250 కిలోహెర్ట్జ్‌కు దించి గీత చుట్టూ రాస్తే గంటకు 1.8 జీబీతో సరిపోతుంది. ఫైలు పేరులోనే తేదీ, అంతర్జాతీయ సమయం, ఫ్రీక్వెన్సీ, కొమ్ము దిక్కు, ఎత్తు కోణం పెట్టండి. ఆ సమయానికి ఇంట్లో ఏమేం ఆన్‌లో ఉన్నాయో పాప నోటుపుస్తకంలో పక్కనే రాసి పెట్టాలి.